పెన్ను చెప్పిందే నీళ్లు

కనిగిరి, పొదిలి, దర్శి వైపు తాగునీటి సమస్య తీరిపోయింది. ఈ సంగతి ఎవరికీ తెలియకపోవడానికి కారణం, పరిష్కారం కాలవలోనో సొరంగంలోనో రాకుండా చొక్కా జేబులో రావడమే. రెండు మూడొందలు పెడితే ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. చూడ్డానికి పెన్నులా ఉంటుంది. మూత తీసి గ్లాసులో ముంచితే తెర మీద అంకె పడుతుంది. టీడీఎస్ మీటర్ అంటారు, టీడీఎస్ అంటే నీళ్లలో కరిగిన లవణాల మొత్తం. మెట్ట ప్రాంతంలో నీళ్ల విషయమై ఇప్పుడు ఆఖరి మాట దీనిదే. డాక్టర్లూ, ఇంజినీర్లూ, పంచాయతీ కార్యదర్శులూ లేకపోలేదు. కానీ వాళ్లలో ఎవరికీ తెర లేదు.

ఇంత గొప్ప పరికరానికి జిల్లా యంత్రాంగం నుంచి ఇంతవరకూ ఒక్క ప్రశంసాపత్రం కూడా అందలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ నాలుగు మాటలు.

ముందు అది పనిచేసే తీరు చూడాలి. సన్నటి పొరలోంచి నీళ్లు వడకట్టే ఆర్వో మిషన్ అమ్మే కుర్రాడు వాకిట్లో నిలబడి బోరు నీళ్లలో పెన్ను ముంచుతాడు.

"ఆరొందలు చూపిస్తా ఉంది అక్కా."

"ఆరొందలంటే ఏందబ్బయ్యా?"

"విషం అక్కా."

"మరి నీ మిషన్ నీళ్లు?"

"నలభై."

బేరం అక్కడితో అయిపోయింది. మిగిలింది వాయిదాలు ఎన్ని అన్నదే.

పెన్ను కొసన రెండు లోహపు ముళ్లుంటాయి. వాటి మధ్య నీళ్లలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో కొలిచి, ఆ విలువను 0.5 నుంచి 0.7 మధ్యలో ఏదో ఒక గుణకంతో హెచ్చించి, లీటరుకు ఇన్ని మిల్లీగ్రాముల లవణాలు అని చూపిస్తుంది. కరెంటు మోసింది కాల్షియమా, తినే ఉప్పా, నైట్రేటా అన్న ఆరా దానికి అక్కర్లేదు. సూక్ష్మజీవులు ఎన్నున్నా లెక్కలోకి రావు. ఇంట్లోనే చూడొచ్చు. నలభై చూపించే గ్లాసెడు నీళ్లలో నాలుగు చెంచాల పంచదార వేసి కలపండి, అంకె దాదాపు కదలదు. ఓఆర్ఎస్ ప్యాకెట్టు లీటరు నీళ్లలో కలిపి ముంచండి, వేలల్లోకి పోతుంది. అంటే పెన్ను లెక్కన సర్కారు ఆసుపత్రి విరేచనాలైన పసిబిడ్డలకు విషం తాగిస్తోంది, పంచదార నీళ్లు అమృతం. వైద్య ఆరోగ్య శాఖ దీని మీద సంజాయిషీ ఇచ్చుకోవాలి.

ఇక ఫ్లోరైడ్ అనే చిన్న విషయం ఉంది. చిన్నదని అంకెలే చెబుతున్నాయి. ఆరొందల టీడీఎస్ ఉన్న బోరులో లీటరుకు 5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉందనుకుందాం. ఆరొందల్లో అయిదంటే నూటికి ఒకటి కూడా కాదు. పెన్ను డబ్బా మీద కచ్చితత్వం రెండు శాతం అటూ ఇటూ అని రాసి ఉంటుంది, అంటే ఆరొందల దగ్గర 12 అటూ ఇటూ. ఫ్లోరైడ్ ఉన్నదంతా ఆ సందులోనే పడుకుంటుంది. తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 అయితే రెంటినీ వేరువేరుగా చూస్తుంది. టీడీఎస్ 500 దాటకూడదు, వేరే దారి లేకపోతే 2000 దాకా పర్వాలేదు. ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము, వేరే దారి లేకపోతే 1.5, అంతే. కాబట్టి ఆ బోరులో పెన్ను చూసి అరిచిన ఆరొందలు గతిలేనప్పుడు తాగదగ్గవే. పెన్నుకు కనపడని అయిదు మాత్రం పళ్లకు గార పట్టించి, ఏళ్ల తరబడి తాగితే వెన్నూ మోకాళ్లూ బిగదీసే సరుకు.

ఇందులో మన జిల్లాలకు ఒక ఘనత ఉంది, దాన్ని ఎవరూ బోర్డు రాయించి పెట్టలేదు. దేశంలో ఫ్లోరైడ్ నీళ్లతో వచ్చే ఈ ఫ్లోరోసిస్ జబ్బును మొదటగా వైద్య పత్రికకెక్కించింది ఇక్కడి నుంచే. 1937లో షార్ట్ అనే దొర, ఆయన తోటి వైద్యులు మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా గురించి రాశారు. దర్శి, పొదిలి, కనిగిరి అప్పుడు నెల్లూరులోనే ఉండేవి, 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా అయినప్పుడు ఇటొచ్చాయి. వైద్యుల కంటే ముందు కనిపెట్టింది రైతులు. వాళ్లకు చెప్పింది ఎద్దులు. అరక దున్నే ఎద్దులు కీళ్లు పట్టేసి అడుగు వేయలేకపోతుంటే, కొత్తగా వచ్చిన తేడా నీళ్లలోనే ఉందని ఊళ్లు అనుమానించాయి. కొలిచే పరికరంగా ఎద్దు చాలా నమ్మకమైనది. కాకపోతే రీడింగ్ రావడానికి ఏళ్లు పడుతుంది, వచ్చాక పరికరం పనికిరాదు.

ఎద్దును పక్కనపెడితే మిగతా సాక్షులంతా ఫ్లోరైడ్ వైపే. కందిపప్పు మెత్తగా ఉడికితే మంచినీళ్లని మన పెద్దల తీర్పు. సబ్బు నురగ వస్తే ఇంకా మంచివి. ఇక్కడి రాతిలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలున్నాయి. నీళ్లలో కాల్షియం దండిగా ఉంటే అది ఫ్లోరైడ్‌ను పట్టుకుని కాల్షియం ఫ్లోరైడ్‌గా కిందికి దించేస్తుంది. కాల్షియం తక్కువై, సోడియం బైకార్బొనేట్ ఎక్కువైన నీళ్లలో ఫ్లోరైడ్ హాయిగా కరిగి ఉంటుంది. పప్పు ఉడికేది, సబ్బు నురగొచ్చేది సరిగ్గా అలాంటి నీళ్లలోనే. నాలుక, సబ్బు, పప్పు ముగ్గురూ ఒక్క మాట మీదుంటే పాపం ఎద్దు మాట ఎవరు వింటారు? కాచి తాగమని సలహా ఇచ్చేవాళ్లూ ఉన్నారు. కాస్తే ఆవిరయ్యేది నీళ్లు. ఫ్లోరైడ్ ఎక్కడికీ పోదు, చిక్కబడుతుంది.

ఆర్వో మిషన్‌ను తక్కువ చేయడం ఉద్దేశం కాదు. పొర బాగుంటే ఫ్లోరైడ్‌లో నూటికి తొంభై వంతుల పైనే ఆపుతుంది, కనిగిరిలాంటి చోట అది అవసరం కూడా. తమాషా అంతా పొర తర్వాత మొదలవుతుంది. నలభై నీళ్లు చప్పగా ఉంటాయి. "మందు నీళ్లలా ఉన్నాయి" అని ఇంటాయన సణుగుతాడు. సర్వీసు కుర్రాడు మిషన్ మూత తీసి, లోపలున్న చిన్న మరను స్క్రూడ్రైవర్‌తో అర చుట్టు తిప్పుతాడు. దాని పేరు టీడీఎస్ కంట్రోలర్. బయట స్టిక్కర్ మీద 'మినరల్స్' అని ఉంటుంది. పొర దాకా పోకుండా ముందే చీలిన పచ్చి బోరు నీళ్లను ఒక సన్నగొట్టంలో తెచ్చి, శుద్ధయిన నీళ్లలో కలపడం దాని పని. మనం వేలు పోసి వడకట్టించిన దాన్నే మర తిప్పి మళ్లీ కలుపుకుంటున్నామన్నమాట.

లెక్క వేసి చూద్దాం. బోరు టీడీఎస్ 600, ఫ్లోరైడ్ 5. పొర దాటాక 40, 0.3. రుచి కోసం 200కు పెట్టమన్నారు. అంత రావాలంటే నూరు వంతుల్లో దాదాపు 29 వంతులు బోరు నీళ్లు కలవాలి. అప్పుడు ఫ్లోరైడ్ 1.6 దాటుతుంది. 'వేరే దారి లేకపోతే' అన్న గీత కూడా దాటిపోయింది. తెర మీద మాత్రం 200, పక్కన పచ్చ దీపం.  

ఇంటి మిషన్ ఒక లీటరు మంచినీళ్లిస్తే సుమారు మూడు లీటర్లు వెనక గొట్టంలో వదిలేస్తుంది. రోజుకు 20 లీటర్లు తాగే, వండుకునే ఇంట్లో 60 లీటర్లు తూములోకి పోతాయి. మనిషికి రోజుకు 55 లీటర్లని జల్ జీవన్ మిషన్ లెక్క, నలుగురికి 220. అందులో పావు వంతు పైన ఆర్వో మిషనే తాగేస్తుంది. ఆ వదిలిన నీళ్లలో ఫ్లోరైడ్ 5 కాదు, ఆరున్నర. ఊరి ప్లాంట్లలో నీళ్లు సగం సగం కాబట్టి దాదాపు రెట్టింపు. అది ప్లాంటు వెనక గుంటలోకి పోతుంది. గుంట పక్కనే ప్లాంటు బోరు. దేశంలో ఇంతకు మించిన రీసైక్లింగ్ పథకం లేదు. టీడీఎస్ 500 లోపున్న నీళ్లకు ఆర్వో నిషేధించమని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ అన్నది. 300 ఉన్న కుళాయి నీళ్లకు కూడా మిషన్ బిగించుకోవడం ఆ తర్వాత ఏమన్నా తగ్గిందా అంటే, ఆ ఉత్తర్వు తెలుగు అనువాదం ఇంకా అపార్ట్‌మెంట్ల దాకా చేరినట్టు లేదు.

పెన్నుతో పని కాకపోతే కుర్రాడు సంచిలోంచి ఇంకో అస్త్రం తీస్తాడు. నాలుగు కడ్డీలు, రెండు ఇనుపవి, రెండు అల్యూమినియంవి. జత చొప్పున ఒకటి బోరు నీళ్ల గ్లాసులో, ఒకటి ఆర్వో గ్లాసులో దించి ప్లగ్గు పెడతాడు. నిమిషంలో బోరు నీళ్లు తుప్పురంగుకు తిరిగి, పైన మడ్డి తేలుతుంది. ఆర్వో గ్లాసు తెల్లగానే ఉంటుంది. "ఇన్నాళ్లూ తాగింది ఇదే అక్కా" అంటాడు. అక్క మొహం పాలిపోతుంది. ఆ మడ్డి నీళ్లలోది కాదు, కడ్డీది. లవణాలుంటే కరెంటు పారుతుంది, పారితే ఇనుము కరిగి తుప్పుగా బయటికొస్తుంది. ఆర్వో నీళ్లలో కరెంటు అంతగా పారదు గనుక ఇనుము అంతగా కరగదు. నమ్మకం లేకపోతే ఆ తెల్ల గ్లాసులోనూ చిటికెడు ఉప్పు వేయమని కుర్రాణ్ణే అడగండి, అదీ అదే రంగుకు తిరుగుతుంది. కుర్రాణ్ణే అనడానికి కారణం ఉంది. ఆ కడ్డీలు చాలావాటిలో నేరుగా ఇంటి కరెంటు ఉంటుంది, వేలు తగిలితే తీర్పు వెంటనే వస్తుంది.

ఇంతకీ పెన్ను నిజంగా ఒక పనికొస్తుంది, దానికి మాత్రం ఎవరూ వాడరు. మర మూసి, మిషన్‌లోకి పోయే నీళ్లు, వచ్చే నీళ్లు రెండూ కొలవాలి. 600 పోయి 40 వస్తే పొర నూటికి 93 ఆపుతున్నట్టు. అదే నూట యాభై వస్తుంటే ఆపుతున్నది 75, పొర మార్చాలి. కార్బన్ ఫిల్టర్ వేళకు మార్చకపోతే క్లోరిన్ కలిపిన కుళాయి నీళ్లకు పొర తొందరగా పోతుంది.  బయటికొచ్చే అంకె ఒక్కటే చెప్పి లోపలికి పోయే అంకె చెప్పకపోవడం, పరీక్షలో వచ్చిన మార్కులు చెప్పి ఎన్నింటికో చెప్పకపోవడం లాంటిది.

నల్గొండ విషయంలో మనకు అన్యాయం జరిగింది. జబ్బు మొదట బయటపడింది మన దగ్గర, చౌక చికిత్సకు పేరు మాత్రం నల్గొండది. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీయడానికి నాగపూర్‌లోని నీరి పరిశోధన సంస్థ తయారుచేసిన ఆ 'నల్గొండ పద్ధతి'లో కావలసింది పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్. పటికలో ఇరవయ్యో వంతు సున్నం, ముందు వడిగా తిప్పి, తర్వాత పది నిమిషాలు మెల్లగా కలిపి, గంట కదపకుండా ఉంచి పైతేట ఒంచుకోవాలి. పటిక ఎంతన్నది ఫ్లోరైడ్‌ను బట్టి, నీళ్ల క్షారగుణాన్ని బట్టి బోరు బోరుకూ మారుతుంది. మోతాదు తప్పితే అల్యూమినియం మిగులుతుంది, మడ్డి రోజూ పారబోయాలి. అందుకే ఇళ్లలో నిలబడలేదు. అసలు దెబ్బ వేరే. పటిక వేస్తే సల్ఫేటు పెరుగుతుంది, టీడీఎస్ ముందుకంటే ఎక్కువ చూపిస్తుంది. ఫ్లోరైడ్ పోయిన నీళ్లను పెన్ను ఫెయిల్ చేసి పంపేస్తుంది.

ప్రభుత్వాలను తప్పుపట్టడానికి లేదు. 2014లో ఎన్టీఆర్ సుజల పేరుతో రెండు రూపాయలకు ఇరవై లీటర్లన్నారు. ఈ ప్రాంతానికి కృష్ణా నీళ్లు తేవాల్సిన వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేశారు. దేశంలో మొదటి సెల్‌ఫోన్ మోగింది అంతకు ముందు ఏడాదే. ఫోను తీగ వదిలించుకుని, బటన్లు వదిలించుకుని, చివరికి ఛార్జర్‌ను కూడా డబ్బాలోంచి వదిలించుకుంది. 2024 మార్చిలో వెలిగొండ సొరంగాలను జాతికి అంకితం చేశారు. అంకితమైనవి సొరంగాలు, వాటిలో నీళ్లు కాదు. ఆ శంకుస్థాపనకూ ఈ అంకితానికీ మధ్య ఇరవై ఎనిమిదేళ్లలో ఒక ఆర్వో ప్లాంటు రెండు మూడేళ్లకోసారి పొర మార్చి ఉంటే పదిసార్లు మార్చి ఉండేది. మార్చి ఉంటే అన్నాను.

కనుక కొన్ని నిర్మాణాత్మక సూచనలు. ప్లాంటు బోర్డు మీద టీడీఎస్ అంకె ఎర్ర దీపాలతో వేస్తున్నారు, దాన్ని ఇంకొంచెం పెద్దది చేయాలి. వేసవిలో క్యాన్లకు గిరాకీ పెరిగి ఆపరేటరు బైపాస్ తెరిచి పచ్చి బోరు నీళ్లు కలిపే రోజుల్లో దీపాలు మార్చుకునే వెసులుబాటు ఉండాలి. గ్రామసభలో నీళ్ల మీద ఫిర్యాదు చేసేవారు మోకాళ్లు చూపించడం మాని అంకె చూపించాలి. పళ్లకు గారున్న పిల్లలు ఫోటోలకు నోరు మూసుకుని నిలబడాలి, అది ఇప్పటికే అమల్లో ఉంది.

వీటిలో ఏదీ వద్దు, ఫ్లోరైడ్ ఎంతో తెలిస్తే చాలనే మొండివారికి కూడా దారి ఉంది. బోరు అయిదు నిమిషాలు వదిలి, లీటరు ప్లాస్టిక్ సీసాను అవే నీళ్లతో రెండు మూడుసార్లు తొలిచి నింపాలి. గాజు సీసా వద్దు. సీసా మీద ఊరు, బోరు, తేదీ రాసి ఆర్‌డబ్ల్యూఎస్, అంటే గ్రామీణ నీటి సరఫరా విభాగం, ల్యాబులో ఇవ్వాలి. ఊళ్లో శిక్షణ పొందిన మహిళల దగ్గర పరీక్ష కిట్టు ఉంటే, చుక్కలు వేసి, ఎరుపు నుంచి పసుపుకు తిరిగే రంగును చార్టు పక్కన పెట్టి, ఎండ వెలుతుర్లో పోల్చుకోవచ్చు. ల్యాబు వాళ్లిచ్చేది మాత్రం మామూలు కాగితం. అందులో పచ్చ దీపం ఉండదు, బీప్ అనదు, వాట్సాప్ స్టేటస్‌లో పెడితే ఎవరూ చూడరు. అందులో ఫ్లోరైడ్ గడి ఎదురుగా 1.5 కంటే పెద్ద అంకె ఉంటే, ముందు ఆ మరను పూర్తిగా బిగించమని కుర్రాడికి ఫోన్ చేయండి. నీళ్లు చప్పగా ఉన్నాయని ఇంటాయన సణిగితే సణగనివ్వండి.