సస్పెండ్ చేశారంటే తప్పు రుజువైనట్టేనా?

ప్రభుత్వాసుపత్రిలో డాక్టర్‌నో స్టాఫ్ నర్సునో సస్పెండ్ చేసిన ప్రతిసారీ వరంగల్, హనుమకొండ వాట్సాప్ గ్రూపుల్లో ఇలాంటి మెసేజే తిరుగుతుంది: "తప్పు రుజువైంది కాబట్టే సస్పెండ్ చేశారు. ఇక ఇంట్లో కూర్చుని ఫుల్ జీతం, సాయంత్రం ప్రైవేట్ క్లినిక్. పట్టా రద్దు చేయకుండా ఇదేం శిక్ష?"

కోపం అర్థం చేసుకోదగ్గదే. విషయాలే తప్పు.

విచారణ తేలకముందు చేసే సస్పెన్షన్ శిక్ష కాదు. 1991 నాటి సీసీఏ (ప్రభుత్వోద్యోగుల క్రమశిక్షణ) రూల్స్‌లో సస్పెన్షన్ 8వ రూల్‌లో ఉంది, శిక్షల జాబితా 9వ రూల్‌లో ఉంది. 2022లో వరంగల్ ఎంజీఎం ప్రభుత్వాసుపత్రి ఆర్‌ఐసీయూలో (శ్వాస సమస్యల ఐసీయూలో) రోగిని ఎలుకలు కొరికాయని బయటపడగానే సూపరింటెండెంట్‌ను బదిలీ చేసి, ఇద్దరు డాక్టర్లను సస్పెండ్ చేశారు. ఎలుకలు పట్టడం డాక్టర్ డ్యూటీయా అన్నది విచారణలో తేలాల్సిన మాట. ఆర్డర్ మాత్రం ముందే వచ్చేసింది.

ఫుల్ జీతమా? చేతికొచ్చేది సగం జీతపు సెలవు లెక్కన జీవన భృతి, దాని మీద డీఏ. అదీ ఊరికే రాదు. "నేను వేరే ఉద్యోగం, వ్యాపారం, వృత్తి ఏదీ చేయడం లేదు" అని సర్టిఫికెట్ రాసివ్వాలి. క్లినిక్‌లో కూర్చుంటే ఆ సంతకమే అబద్ధమవుతుంది. కొందరు కూర్చుంటారు, నిజమే. అది వాళ్ల మోసం, రూల్ ఇచ్చిన సౌకర్యం కాదు.

పట్టా సంగతి. ఎంబీబీఎస్ డిగ్రీ ఇచ్చేది మన వరంగల్‌లోని కాళోజీ హెల్త్ యూనివర్సిటీ. ప్రాక్టీస్‌కు రిజిస్ట్రేషన్ ఇచ్చేది, తీసేసేది హైదరాబాద్‌లోని మెడికల్ కౌన్సిల్. ఆసుపత్రి సస్పెన్షన్‌తో అది పోదు. కౌన్సిల్‌కు విడిగా ఫిర్యాదు చేయాలి. డాక్టర్ల వృత్తి నడవడికపై ఉన్న 2002 నిబంధనల ప్రకారం ఆరు నెలల్లో తేల్చాలి. ఈలోపు ఫిర్యాదు వచ్చిన ఆ ఒక్క చికిత్సో, ఆపరేషనో చేయొద్దని ఆపే అధికారం కౌన్సిల్‌కు ఉంది. మెసేజ్ ఫార్వర్డ్ చేసేవాళ్లలో ఆ ఫిర్యాదు రాసేవాళ్లు ఎందరో!

నిజంగా అడగాల్సింది వేరే ఉంది. ఛార్జ్ మెమో, అంటే ఆరోపణలు రాసిచ్చే పత్రం, ఎప్పుడిచ్చారు? మూడు నెలల్లో ఇవ్వకపోతే సస్పెన్షన్ కొనసాగించకూడదని, ఇచ్చినా పొడిగించాలంటే కారణాలు రాయాలని సుప్రీంకోర్టు 2015లో అజయ్ కుమార్ చౌదరి కేసులో చెప్పింది. మెమో లేకుండా ఫైలు బల్ల మీదే ఉంటే నష్టం ఆ ఉద్యోగికే కాదు. ఆసుపత్రిలో బిడ్డను పోగొట్టుకున్న ఏ కుటుంబానికైనా అసలేం జరిగిందో చెప్పేవాళ్లుండరు. ఖాళీ అయిన డ్యూటీ మిగతా నర్సుల నెత్తిన పడుతుంది.

ఇంకొకటి, అవుట్‌సోర్సింగ్ వాళ్లకు ఈ సీసీఏ రూల్స్ వర్తించవు. అక్కడ మెమో, భృతి, విచారణ ఏవీ ఉండవు. "రేపటి నుంచి రావొద్దు" అని ఏజెన్సీ నుంచి ఫోన్ వస్తే అంతే సంగతులు. వాళ్ల మీద ఏ మెసేజూ తిరగదు.