విరూపణ్ణ ఖాతా, మా వంటింటి గట్టు

సబ్ ట్రెజరీలో 34 ఏళ్ళు బిల్లులు చూసి రిటైరైన మనిషిని నేను, ఇది ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే లేపాక్షి గుడి కట్టించిన విరూపణ్ణ కూడా ఒక రకంగా మా డిపార్ట్‌మెంటే, విజయనగరం రాజుల తరఫున పెనుకొండలో ఖజానా చూసేవాడని చెప్తారు. మార్చి నెలాఖరులో బెంగుళూరులో మా అబ్బాయి దగ్గరికి వెళ్ళినప్పుడు 120 కిలోమీటర్లే కదా అని కాబ్ మాట్లాడుకుని నేనూ మా ఆవిడా బయల్దేరాం. అబ్బాయిని రమ్మంటే రాలేదు. వాడు తెలివైనవాడు.

ఆవిడ: ఏవండీ, తిన్న ఇడ్లీలు ఎప్పుడో అరిగిపోయాయి, ఇంకా ఎంతసేపు?

నేను: కొడికొండ చెక్‌పోస్టు దగ్గర హైవే దిగేశాం కదా, అక్కడి నించి 16 కిలోమీటర్లే, వచ్చేసినట్టే. అదిగో ఆ బండ మీద పెద్ద పక్షి బొమ్మ కనపడుతోందా, జటాయువు. రావణుడు రెక్కలు నరికేస్తే ఇక్కడే పడ్డాడట, రాముడొచ్చి "లే పక్షీ" అన్నాడట, అందుకే లేపాక్షి.

ఆవిడ: అయితే మనింటికి కూడా అదే పేరు పెట్టాలి. పొద్దున్న అయిదింటి నించీ నేను చేసే పని అదేగా, లే, లే, అని. జటాయువు ఒక్కసారి పిలిస్తే పలికాడు కాబోలు.

నేను: ఆయనకి రెక్కలు తెగాయే. నాకు మోకాళ్ళు అరిగాయి.

(గుడి ముందు చెప్పులు విప్పాం. మార్చి ఎండకి బండ పెనంలా ఉంది. మా ఆవిడ పరుగు లాంటి నడకతో మండపం నీడలోకి చేరిపోయింది, నేను చేతికర్రతో టకటకమని వెళ్ళేసరికి ఒక గైడుని మాట్లాడేసి, మూడొందలని అతనంటే రెండొందల యాభైకి బేరం కూడా ముగించేసింది.)

నేను: ఇదే నాట్య మండపం. సుమారు 70 స్తంభాలు, అచ్యుతదేవరాయల కాలం, అంటే 1530 ప్రాంతం. విరూపణ్ణా వాళ్ళ తమ్ముడు వీరణ్ణా కట్టించారు. ఈ గుట్ట తాబేలు ఆకారంలో ఉంటుందని కూర్మశైలం అంటారు.

ఆవిడ: గైడుకి రెండొందల యాభై ఇస్తున్నాం, అతన్ని చెప్పనివ్వండి. లేకపోతే ఆ డబ్బు మీరు తీసుకోండి.

నేను: తీసుకుంటే లెక్క అడుగుతావ్.

ఆవిడ: అడక్క? సర్లెండి, ఆ కండువా ఇలా ఇవ్వండి.

నేను: ఇది కొత్త కండువా, ఎందుకు?

ఆవిడ: వేలాడే స్తంభం కింద దూర్చి లాగితే ఇంటికి మంచిదంట, అందరూ లాగుతున్నారు చూడండి. నా పమిట పెట్టమంటారా ఏంటి? వంగండి, ఆ వైపు నించి అందుకోండి.

నేను: వంగడం మా డాక్టరు వద్దన్నాడు. పైగా అది పూర్తిగా వేలాడట్లేదు, ఆ మూల కొంచెం ఆనుకునే ఉంది చూడు. బ్రిటిష్ వాళ్ళ టైములో ఎవరో ఇంజనీరు దీని కిటుకేంటో కనుక్కుందామని కదిలించబోయాడని, అప్పటి నించీ అలా పక్కకి జరిగిందని చెప్తారు.

ఆవిడ: అబ్బ, ఎంత బాగుందో. పైకి చూస్తే కప్పంతా ఈయనే మోస్తున్నట్టు నిలబడి ఉంటాడు, కిందనించి గుడ్డ పెట్టి లాగితే గానీ తెలీదు, మోసేది పక్కవాళ్ళని.

నేను: స్తంభం గురించేనా?

ఆవిడ: మరి ఇంకెవరి గురించి?

(గైడు తల పక్కకి తిప్పుకున్నాడు. అక్కడే ఇంకో స్తంభం మీద మూడు కాళ్ళ భృంగి ఉన్నాడు, రంభకి నాట్యం నేర్పుతున్నాడట, బ్రహ్మ మద్దెల వాయిస్తున్నాడు, తుంబురుడూ ఉన్నాడు. నేను టాపిక్ మార్చడానికి భృంగి కథ ఎత్తుకున్నాను. ఎత్తుకోకుండా ఉండాల్సింది.)

నేను: ఈయన శివుడికి తప్ప ఎవరికీ ప్రదక్షిణ చెయ్యనన్నాడు, పక్కనున్న పార్వతిని కూడా వదిలేసి శివుడొక్కడి చుట్టూ తిరిగాడు, అమ్మవారికి కోపం వచ్చి ఒంట్లో రక్తమాంసాలు లేకుండా పొమ్మని శపించింది. నిలబళ్ళేక పడిపోతుంటే శివుడు జాలిపడి మూడో కాలు ఇచ్చాడు.

ఆవిడ: (నా చేతికర్ర వైపు చూసి) మీక్కూడా ఇచ్చారుగా.

నేను: ఇది ఆర్థరైటిస్సే.

ఆవిడ: పేర్లు మారతాయండీ, కారణాలు మారవు.

(లోపల సీలింగు మీద వీరభద్రుడి బొమ్మ, 24 అడుగులకి 14 అడుగులు, ఆకుల్నించీ రాళ్ళనించీ తీసిన రంగులట, కాలక్రమేణా చాలా చోట్ల వెలిసింది గానీ ఉన్నదాన్ని చూస్తేనే మెడ పట్టేసేదాకా తల దించబుద్ధి కాదు. నేను వీరభద్రుణ్ణి చూస్తున్నాను. మా ఆవిడ పక్కన నిలబడ్డ ఆడవాళ్ళ చీరలు చూస్తోంది.)

ఆవిడ: ఏవండీ, ఆ నల్ల గళ్ళ చీర చూడండి, మన మేనకోడలి పెళ్ళికి నేను అడిగితే దొరకదన్నారే, 500 ఏళ్ళ క్రితం కట్టుకుని తిరిగారు వీళ్ళు.

నేను: అప్పుడు వీళ్ళ మొగుళ్ళకి టోపీలు చూడు ఎంత పొడుగున్నాయో, అవి పెట్టుకుని షాపు బయట కూచునేవాళ్ళేమో. అదుగో, ఆ దణ్ణం పెడుతున్న ఇద్దరు విరూపణ్ణా వీరణ్ణా. గుడి కట్టించినవాడు తన బొమ్మ కూడా వేయించుకున్నాడు, అది తప్పేం కాదు, పెట్టుబడి పెట్టిన మనిషికి ఆ మాత్రం ఉండాలి.

ఆవిడ: పెట్టుబడి ఆయనదా?

నేను: (వినపడనట్టు) పద పద, వెనకాల నాగలింగం ఉంది.

(నాగలింగం అంటే ఒకటే బండ, చుట్టలు చుట్టుకుని ఏడు పడగలు విప్పిన పాము, మధ్యలో లింగం. గైడు చెప్పిన కథ ఏంటంటే, శిల్పులకి ఆకలేసి అన్నానికి కూచుంటే వంట ఇంకా అవలేదని వాళ్ళమ్మ చెప్పిందట, ఆ వంట అయ్యేలోపు ఖాళీగా ఎందుకని దీన్ని చెక్కేశారట. మా ఆవిడ ఈ కథ రెండుసార్లు చెప్పించుకుంది.)

ఆవిడ: విన్నారా?

నేను: విన్నా.

ఆవిడ: వంట అయ్యేలోపు. ఆ తల్లి ఆ రోజు ఏం వండిందో గానీ కుర్రాళ్ళు పామునీ లింగాన్నీ పూర్తి చేశారు. నేను ముప్ఫై అయిదేళ్ళుగా రెండు పూటలా వండుతున్నాను, మీరు పేపర్లో పదకేళి కూడా పూర్తి చెయ్యలేదు ఏ రోజూ.

నేను: నిలువు 14 ఎప్పుడూ కష్టంగా ఇస్తాడు.

ఆవిడ: పైగా ఈ మధ్య ఆ పేపరు కూడా చూడట్లేదు, ఎప్పుడు చూసినా నోటుబుక్కులో ఏదో గీకుతుంటారు, నేనొస్తే మూసేస్తారు.

(ఇక్కడ నాకు బండ వేడి కొంచెం ఎక్కువగా తగిలింది. లతా మండపంలోకి తీసుకెళ్ళిపోయాను, ప్రతి స్తంభం మీదా తీగలు, హంసలు, పూలు, వరసలు వరసలుగా డిజైన్లు, చీర అంచుల మీద నేతగాళ్ళు వేసేవి ఇవేనట. అరగంట నేను ప్రశాంతంగా ఉన్నాను. మా ఆవిడ ఫోన్లో 140 ఫోటోలు తీసింది. జీవితంలో నా ఫోటో అన్నిసార్లు తియ్యలేదు. ఆ అరగంటా అలాగే పొడిగించి ఉంటే బావుండేది గానీ పక్కనే కల్యాణ మండపం ఉంది.)

ఆవిడ: ఇదేంటి, స్తంభాలున్నాయి గానీ పైన కప్పు లేదే?

నేను: శివపార్వతుల కల్యాణానికని మొదలెట్టి మధ్యలో ఆపేశారు. పెళ్ళికొచ్చిన దేవతల్ని కూడా చెక్కారు చూడు స్తంభాల మీద.

ఆవిడ: ఎందుకు ఆపేశారు?

నేను: ఫండ్స్ ప్రాబ్లెమ్.

ఆవిడ: అచ్చం మన వంటిల్లు లాగా ఉంది. గట్టు కింద ఇటుకలు కట్టి వదిలేశాడు మేస్త్రి, పైన గ్రానైటు రాయి లేదు, నాలుగు నెలలయింది, స్టవ్వు కింద పెట్టుకుని వంగి వండుతున్నా. చీటీ పాడిన డబ్బు 45,000 బ్యాంకులో ఏదో కేవైసీ వల్ల ఆగిందన్నారు మీరు. ఇంకా ఆగే ఉందా?

నేను: ప్రాసెస్‌లో ఉంది. ఇదిగో చూడు చూడు, సీతమ్మ పాదం, ఎప్పుడూ నీళ్ళు ఊరుతుంటాయట, ఇటుపక్క బండలోనే కంచాలు చెక్కారు, శిల్పులు ఇందులో అన్నం తినేవాళ్ళు, కూర గుంట, పప్పు గుంట...

ఆవిడ: మీకూ ఇక్కడే వడ్డిస్తా, ముందు ఆ గోడ సంగతి చెప్పమనండి. ఆ ఎర్రటి మరకలేంటి?

(గైడు ఉత్సాహంగా చెప్పేశాడు. రాజుగారు ఊళ్ళో లేని టైములో విరూపణ్ణ ఖజానా డబ్బంతా అడక్కుండా గుడికి ఖర్చుపెట్టేశాడట, రాజు తిరిగొచ్చి చూస్తే పెట్టె ఖాళీ, కళ్ళు పీకమని ఆజ్ఞ, భటులు వచ్చేదాకా ఎందుకని విరూపణ్ణ తనే పీక్కుని ఈ గోడకేసి కొట్టాడట. ఆ మరకలు అవేనట. కల్యాణ మండపం అక్కడితో ఆగింది.)

నేను: ఇది కథ, రికార్డు కాదు. అయినా నన్నడిగితే ఆయన చేసిందాంట్లో ప్రొసీజరు లోపం ఉంది తప్ప దురుద్దేశం లేదు. సొంతానికి తిన్నాడా? లేదు. ఒక హెడ్‌లో, అంటే ఒక పద్దులో, ఉన్న డబ్బు ఇంకో హెడ్‌కి మార్చాడు, రీ-అప్రోప్రియేషన్ అంటారు దాన్ని, తర్వాత శాంక్షన్ తెచ్చుకుందాం అనుకున్నాడు, ఈలోగా రాజు వచ్చేశాడు. మామూలు ఆడిట్ అబ్జెక్షను, మెమో ఇచ్చి వివరణ అడిగితే పోయేది. కళ కోసం ఖర్చుపెట్టిన మనిషిని అర్థం చేసుకునే గుణం ఉండాలి రాజుకి. రాజు ఊళ్ళో లేనప్పుడు ఆయన మాత్రం ఎవర్ని అడుగుతాడు, కూతురి దగ్గరికి హైదరాబాద్ వెళ్ళి పది రోజులు...

ఆవిడ: ఎవరు?

నేను: ఎవరు ఏంటి?

ఆవిడ: కూతురి దగ్గరికి హైదరాబాద్ వెళ్ళింది ఎవరు? అచ్యుతదేవరాయలా?

(గైడు అటు తిరిగి గోపురం చూడటం మొదలెట్టాడు. రోజూ చూసే గోపురమే.)

ఆవిడ: ఎంత?

నేను: మొత్తం కాదు.

ఆవిడ: ఎంతండీ?

నేను: 38,000. మిగతా 7,000 భద్రంగా ఉంది.

ఆవిడ: దేనికి?

నేను: (భుజాన సంచిలోంచి తీసి) ఇదిగో. నీకు సర్‌ప్రైజ్ ఇద్దామని.

ఆవిడ: (అట్ట మీద చదువుతూ) "నిశ్శబ్ద ఖజానా." కవితలు. మీరు రాశారా?

నేను: 34 ఏళ్ళ అనుభవం.

ఆవిడ: ఎన్ని అచ్చేశారు?

నేను: 500. అంతకన్నా తక్కువైతే రేటు గిట్టదన్నాడు ప్రెస్సువాడు.

ఆవిడ: ఎక్కడున్నాయి 500?

నేను: అటక మీద, బొమ్మలకొలువు పెట్టెల వెనక. ఏడు తక్కువ.

ఆవిడ: ఏడు అమ్ముడయ్యాయా?

నేను: ఇచ్చాను.

(ఇక్కడ కాసేపు మౌనం. రాతి కంచాల దగ్గర ఒక కుటుంబం పిల్లాణ్ణి కూచోబెట్టి ఫోటో తీస్తోంది. ఏడుపు కన్నా మౌనం ప్రమాదం అని పెళ్ళైన కొత్తలోనే తెలుసు నాకు.)

ఆవిడ: అంకితం ఎవరికి?

నేను: ఎండ బాగా ఎక్కింది, నంది దగ్గరికి...

ఆవిడ: (పేజీ తిప్పి) "మా పెద్దక్కయ్యకు భక్తితో." ఆవిడకా? రెండు కళ్ళకీ శుక్లాలు, అక్షరం ముక్క కనపడదు, ఆపరేషన్‌కి భయపడి రెండేళ్ళుగా వాయిదా వేస్తోంది, ఆవిడకి అంకితమా?

నేను: కవిత్వం బాగోలేదని ఆవిడొక్కతే అనలేదు కదే.

(నంది గుడికి కాస్త దూరంలో, రోడ్డు పక్కనే ఉంటాడు. ఒకే రాయి, 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు, మెడలో గంటలు, దుప్పటి అంచు మీద డిజైను కూడా చెక్కారు, చూపు సరిగ్గా నాగలింగం వైపే అంటారు. ఫోటోల్లో ఎంత చూసినా పక్కన నిలబడితే గానీ ఆ సైజు అర్థం కాదు. మా ఆవిడ చెట్టు నీడన బెంచీ మీద కూచుని క్యారేజీ విప్పి పులిహోర డ్రైవరుకి పెట్టింది, గైడుకి పెట్టింది, పక్క బెంచీ మీద ఎవరో ముసలావిడకి పెట్టింది.)

నేను: నాకు?

ఆవిడ: శిల్పులు వంటయ్యేలోపు ఏదో ఒకటి చెక్కేవాళ్ళు. మీరూ ఒక కవిత రాయండి.

నేను: ఏమే, ఆ నందిని చూడు, ఎంత ప్రశాంతంగా ఉన్నాడో.

ఆవిడ: ఆయనకి వంటిల్లు లేదు. ఇదిగో తినండి, ముందే చెప్తున్నా, వేరుశనగపప్పులు అన్నీ అయిపోయాయి. ఆ లతా మండపం అంచు ఉన్న చీర ధర్మవరంలో నేయిస్తారట, గైడు చెప్పాడు. ఆ మిగిలిన 7,000 ఎక్కడుంది?

నేను: అది గ్రానైటుకి కదా.

ఆవిడ: రీ-అప్రోప్రియేషను.

(నోట్లో పులిహోర ఉండటం వల్ల నేను జవాబు చెప్పలేదు. అది లేకపోయినా చెప్పేవాణ్ణి కాదు. గైడు వెళ్తానన్నాడు. రెండొందల యాభై చేతిలో పెట్టి, పైన నా సంతకంతో ఒక కాపీ కూడా ఇచ్చాను. అతను మర్యాదస్తుడు, రెండు చేతులా అందుకున్నాడు, రెండు పేజీలు తిప్పాడు, నిలబడే ఒక కవిత మొత్తం చదివాడు కూడా. తర్వాత పుస్తకం జాగ్రత్తగా నా చేతికి తిరిగిచ్చి, "సార్, ఇది మీ తావే పెట్టుకోండి, ఇంకో నూరు ఇయ్యండి చాలు" అన్నాడు.)

ఆవిడ: ఇదిగో బాబూ, నూరు కాదు, రెండొందలు తీసుకో. (నాతో) ఇదీ ఆ పుస్తకం హెడ్‌లోనే రాసుకోండి.