ఎలుకలు ఆ మాట అనలేదు

తిండి వ్యసనం మీద ఒక మెసేజ్ ఏళ్ల తరబడి ఫోన్లలో తిరుగుతూనే ఉంది. ఈ నెలలోనే నాకు మూడుసార్లు వచ్చింది. మూడోసారి పంపింది మా పెద్దమ్మ కూతురు. సారం ఇదీ: "చక్కెర కొకైన్ కన్నా ఎనిమిది రెట్లు వ్యసనం. ఎలుకల మీద రుజువైంది. 21 రోజులు పూర్తిగా మానేస్తే మెదడు రీసెట్ అవుతుంది. పొద్దున టిఫిన్ కూడా మానేస్తే ఇంకా త్వరగా అవుతుంది. నోరు జారి తింటే అదే రోజు వ్యాయామంతో కరిగించేయండి. ఇదీ చేతకాకపోతే లోపం మీ సంకల్పంలోనే ఉంది."

కొందరికి తిండి మీద అదుపు తప్పుతుందన్నది నిజమే. నాకు తప్పింది కాబట్టి ఆ మాట కాదనను. మిగతావే ఒక్కొక్కటిగా చూద్దాం.

"కొకైన్ కన్నా ఎనిమిది రెట్లు"

వ్యసనాన్ని రెట్లలో తూచే తక్కెడ ఇంతవరకూ ఎవరి దగ్గరా లేదు. ఈ కథకు మూలంగా అందరూ చూపించేది 2007లో ఫ్రాన్స్‌లోని బోర్డోలో జరిగిన ప్రయోగం. ఎలుకల ముందు రెండు మీటలు పెట్టారు. ఒకటి నొక్కితే కొకైన్ నేరుగా రక్తంలోకి ఎక్కుతుంది, రెండోది నొక్కితే కాసేపు తియ్యటి నీళ్లు వస్తాయి. 94 శాతం ఎలుకలు తియ్యటి నీళ్ల వైపే మొగ్గాయి. అయితే ఆ నీళ్లలో కలిపింది శాకరిన్. ఒక్క క్యాలరీ కూడా లేని తీపి అది. చక్కెరతో చేసినప్పుడూ ఫలితం అలాగే ఉందనుకోండి, కానీ అప్పుడు తేలేది ఎలుకకు తీపి మహా ఇష్టమని. రెండింట్లో ఏది ముందు ఎంచుకుందన్నది వేరు, దేనికి బానిసైందన్నది వేరు.

"ఎలుకల మీద రుజువైంది"

నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచనలో పడేసింది ఈ ముక్కే. చక్కెర వ్యసనానికి గట్టి సాక్ష్యంగా చెప్పేవి ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో బార్ట్‌లీ హోబెల్, నికోల్ అవేనా, వాళ్ల సహచరులు చేసిన ప్రయోగాలు. ఎలుకలు తియ్యటి ద్రావణం మీద ఎగబడ్డాయి. మెదడులో హాయి కలిగించే ఓపియాయిడ్లనే రసాయనాలను అడ్డుకునే మందు ఇస్తే పళ్లు పటపట కొట్టుకున్నాయి, ముందుకాళ్లు వణికాయి. మత్తుమందు మాన్పించినప్పుడు కనిపించే లక్షణాలు ఇవే.

కానీ వాటిని ఆ స్థితికి ఎలా తెచ్చారు? రోజూ 12 గంటలు కడుపు మాడ్చారు. తర్వాత 12 గంటలు మేతతో పాటు తీపి ఇచ్చారు. వారాల తరబడి ఇదే వరస. రోజంతా తీపి అందుబాటులో ఉన్న ఎలుకలు అలా ఎగబడలేదు. 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు ఈ అధ్యయనాలన్నీ తిరగేసి అదే మాట రాశారు: వ్యసనంలాంటి ప్రవర్తన కనిపిస్తున్నది తీపిని ఆపి ఆపి ఇచ్చినప్పుడే.

ఇప్పుడు మెసేజ్ ఇచ్చిన సలహా మళ్లీ చదవండి. టిఫిన్ మానేయమంటోంది, తీపి పూర్తిగా ఆపేయమంటోంది. ఎలుకకు వ్యసనం ఎక్కించడానికి ప్రయోగశాలలో వాడిన పద్ధతికి, మనకు విరుగుడని రాసిచ్చిన చీటీకి తేడా ఎక్కడుంది?

మనుషుల్లోనూ ఇది చూశారు. 1944, 45 సంవత్సరాల్లో మిన్నెసోటాలో 36 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్లను 24 వారాలు అర్ధాకలితో ఉంచారు. తిండితో ఏ పేచీ లేని మనుషులు వాళ్లు. కొన్ని వారాలు తిరిగేసరికి కలలోనూ తిండే, మాటల్లోనూ తిండే. పళ్లేలు నాకారు, వంటల పుస్తకాలు పోగేసుకున్నారు. తిండి మళ్లీ ఇచ్చాక కొందరికి ఎంత తిన్నా ఆకలి తీరలేదు.

"21 రోజుల్లో రీసెట్"

ఈ అంకె పుట్టిల్లు 1960లో ఒక ప్లాస్టిక్ సర్జన్ రాసిన మాట. ఆపరేషన్ అయినవాళ్లు తమ కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించాడు. చేతులు మారేకొద్దీ 'కనీసం' రాలిపోయింది, ముక్కు ఆపరేషన్ కాస్తా మెదడు రీసెట్ అయింది. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనిస్తే, రోజూ చేసే ఒక చిన్న పని అలవాటుగా స్థిరపడటానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టేలా ఉందని లెక్క తేలింది. ఒకరికి 18, ఇంకొకరికి 254. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద నష్టం కనిపించలేదు.

ఆ చివరి వాక్యం నాకు ముందే తెలిసుంటే బాగుండేది. నేనూ ఆ 21 రోజులు పట్టాను. క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో గుర్తులు పెట్టేవాణ్ని. 13వ రోజు మీటింగుల్లో పడి మధ్యాహ్నం తినలేదు. రాత్రి పదకొండుకి వంటింట్లో లైటు వేయకుండా నిలబడి, చప్పుడు ఇంట్లోవాళ్లకి వినపడకూడదని, బిస్కెట్ ప్యాకెట్ రేపర్‌ని గోరుతో కొంచెం కొంచెంగా చింపాను. ఒక్కటే అనుకున్నాను. ఒకటి తినగానే వచ్చిన ఆలోచన, "ఎలాగూ ఇవాళ్టికి చెడింది కదా." ప్యాకెట్ అయిపోయింది. ఇంకోటీ అయిపోయింది. రేపర్లు చెత్తబుట్టలో పైన కనిపించకుండా కాగితాల కిందకి దోపాను. మర్నాడు ప్రాయశ్చిత్తంగా టిఫిన్ మానేశాను. రాత్రికి మళ్లీ అదే కథ.

"లోపం మీ సంకల్పంలో"

ఆ "ఎలాగూ చెడింది" అన్నది నా ఒక్కడి బలహీనత కాదు. 1975లో హెర్మన్, మాక్ అనే పరిశోధకులు కొందరితో ముందు మిల్క్‌షేక్ తాగించి, తర్వాత ఐస్‌క్రీమ్ పెట్టారు. నోరు కట్టుకునే అలవాటు లేనివాళ్లు కడుపు నిండిందని తక్కువ తిన్నారు. కట్టుకునేవాళ్లు, ఏమీ తాగనప్పటికన్నా ఎక్కువే తిన్నారు. సంకల్పం ఎక్కువున్నవాళ్లే బోర్లా పడ్డారన్నమాట.

ఇంకొకటి. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం 20 మందికి రెండు వారాలు ఫ్యాక్టరీలో బాగా ప్రాసెస్ చేసిన తిండి, రెండు వారాలు మామూలు వంట పెట్టింది. ఎంత కావాలంటే అంత తినొచ్చు. వడ్డించినవాటిలో చక్కెర, కొవ్వు, పీచు, ఉప్పు సమానంగా ఉండేలా చూశారు. అయినా ప్రాసెస్ చేసిన తిండి రోజుల్లో సుమారు 500 క్యాలరీలు ఎక్కువ తిన్నారు, త్వరత్వరగా మింగారు, 0.9 కిలో పెరిగారు. మామూలు తిండితో అంతే తగ్గారు. మనుషులు వాళ్లే, సంకల్పమూ వాళ్లదే, మారింది ముందున్న పళ్లెం.

"వ్యాయామంతో కరిగించండి"

దీనికి ఎక్కువ చెప్పక్కర్లేదు. అరగంట నడకకు ఖర్చయ్యేది గుప్పెడు బిస్కెట్లకు కూడా చాలదు, తిన్నందుకు శిక్షగా చేసే నడక ఎన్నాళ్లూ నిలవదు. నడకకు వేరే ఉపయోగం ఉంది. ఎక్సెటర్ విశ్వవిద్యాలయంలో రోజూ చాక్లెట్ తినేవాళ్లని 15 నిమిషాలు చురుగ్గా నడిపించి పనిలో కూర్చోబెడితే, నడవనివాళ్లు తిన్నదాంట్లో దాదాపు సగమే తిన్నారు. అంటే నడక తిన్న తర్వాత కాదు, చెయ్యి ప్యాకెట్ మీదకి పోతున్నప్పుడు.

మెసేజ్‌లో నిద్ర ఊసే లేదు. 2004లో షికాగోలో 12 మంది యువకుల్ని రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు. పదేసి గంటలు పడుకున్నప్పటితో పోలిస్తే ఆకలి పెంచే హార్మోన్ గ్రెలిన్ 28 శాతం పెరిగింది, చాలని చెప్పే హార్మోన్ లెప్టిన్ 18 శాతం తగ్గింది.

మరి నాకు పనిచేసింది ఏమిటంటే, చెప్పడానికే బోరు కొట్టే పని. మూడు పూటలా వేళకి తినడం, మధ్యలో చిన్నదేదో ఒకటి, నాలుగు గంటలకు మించి కడుపు ఖాళీగా ఉంచకపోవడం. కష్టమంతా ముందు రాత్రి అతిగా తిన్న మర్నాటి పొద్దున. ఆకలి ఉండదు, సిగ్గుంటుంది, అయినా ఎనిమిదింటికి పళ్లెం ముందు కూర్చోవాలి. ఇది నా కనిపెట్టుడు కాదు, అతిగా తినే రుగ్మతకు ఇచ్చే ప్రవర్తనా చికిత్సలో తొలిమెట్టు ఇదే. 'తిండి వ్యసనం' అన్న పేరు మానసిక వైద్యులు వాడే 2013 నాటి రుగ్మతల జాబితా డీఎస్‌ఎం-5లో లేదు, ఈ రుగ్మత ఉంది. వారానికి కనీసం ఒకసారి చొప్పున మూడు నెలలు అదుపు తప్పి తింటూ, దానికి కుమిలిపోతూ ఉంటే మెసేజ్‌లు కాదు, మానసిక వైద్యుల్ని చూడాలి. చికిత్స ఉంది.

నిన్న అక్కకి ఫోన్ చేశాను. తొమ్మిదో రోజట.

"మధ్యాహ్నం ఏం తిన్నావక్కా?"

"ఏం తినలేదురా. రాత్రి దాకా ఆగుదామని. అసలు ఆకలే వెయ్యట్లేదు తెలుసా?"