బదిలీ గారూ, ఒక్క సంతకం అయ్యేదాకా ఆగండి

శ్రీయుత బదిలీ గారికి,
అమెరికా ఇమిగ్రేషన్ నిర్బంధ కేంద్రాలు.

అయ్యా,

మన దగ్గర టీచరమ్మకు పక్క మండలం కావాలంటే స్పౌజ్ పాయింట్లు లెక్కేసుకుని, ఎమ్మెల్యే సిఫార్సు లేఖ పట్టుకుని తిరగాలి. తమరు మాత్రం అడగనివాళ్లకే, రాత్రికి రాత్రి, విమానం ఖర్చు కూడా పెట్టుకుని దయచేస్తారు. మసాచుసెట్స్‌లో సాయంత్రం పట్టుకున్న మనిషి మర్నాటికి లూసియానాలో!

నిర్బంధంలో ఉన్న వలసదారుల లాయరు పనంటే కోర్టులో వాదించడమని జనం అనుకుంటారు. అది తర్వాత సంగతి. ముందు మనిషిని వెతకాలి. ఐసీఈ, అంటే వలసదారులను పట్టుకుని నిర్బంధించే సంస్థ, వారి లొకేటర్ అనే వెతుకుడు వెబ్‌సైట్‌లో ఏ-నంబరు (వలసదారుడికి ఇచ్చే ఫైలు నంబరు) తొమ్మిది అంకెలుండాలి. ఎనిమిదే ఉంటే ముందు సున్నా పెట్టాలి. నంబరు తెలియకపోతే పేరు, పుట్టిన దేశం కొట్టాలి. పేరు వాళ్లు ఎక్కించినట్టే, అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఇక్కడ తెలుగువాళ్లు తమరికి భలే దొరుకుతారు. ఇంటిపేరు ముందా వెనకా? వెంకటసాయి ఒక ముక్కా రెండా? పాస్‌పోర్టులో ఒక గడి ఖాళీగా ఉంటే ఏకంగా ‘ఎఫ్ఎన్‌యూ’, అంటే ‘మొదటి పేరు తెలియదు’. అన్ని వరసలూ కొట్టి చూసేలోపు తమరి బస్సు రాష్ట్రం దాటేస్తుంది.

దొరికాక జీ-28 ఫారం, ‘ఈయనే నా లాయరు’ అని చెప్పే కాగితం. దాని మీద నిర్బంధితుడి సంతకం లేనిదే అధికారి లాయరుతో మాట్లాడడు. సంతకానికి వెళ్తే మనిషి ఉండడు. ఎక్కడికి పంపారని అడిగితే, జీ-28 లేదుగా, చెప్పరు. ప్రభుత్వమే లాయరును పెడుతుందా? చట్టంలోనే ‘ప్రభుత్వానికి ఖర్చు లేకుండా’ అని రాసుకున్నారు.

అసలు పందెం హేబియస్ పిటిషన్ దగ్గర, అంటే ‘ఈ నిర్బంధం చట్టబద్ధమేనా’ అని కోర్టును అడిగే పిటిషన్ దగ్గర. అమెరికా సుప్రీంకోర్టు 2004 నాటి పడిల్లా తీర్పు ప్రకారం మనిషి ఏ జిల్లాలో బందీగా ఉంటే అక్కడి ఫెడరల్ కోర్టులోనే, అక్కడి వార్డెన్ (నిర్బంధ కేంద్రం అధిపతి) మీదే వేయాలి. 2025 మార్చిలో మసాచుసెట్స్‌లో పట్టుకున్న టఫ్ట్స్ యూనివర్సిటీ విద్యార్థిని కోసం రాత్రి పది దాటాక బోస్టన్‌లో పిటిషన్ వేస్తే, అప్పటికే ఆమెను వెర్మాంట్ రాష్ట్రం చేర్చేశారు. కేసూ ఆమె వెనకే వెర్మాంట్ వెళ్లింది. ఆమెను మాత్రం పొద్దున్నే లూసియానా విమానం ఎక్కించారు. పిటిషన్ తెల్లారి వేద్దామనుకుని ఉంటే కేసు లూసియానా మీద అధికారం ఉన్న అప్పీళ్ల కోర్టు, ఫిఫ్త్ సర్క్యూట్ పాలయ్యేది, తమరికి అంతకన్నా ఏం కావాలి!

సరైన జిల్లాలో ముందే పిటిషన్ పడితే మాత్రం తమరు ఎంత తిప్పినా కేసు కదలదు. రెండో ప్రపంచ యుద్ధంలో జపనీస్ మూలాలున్నందుకు బంధించిన అమెరికన్ మిత్సుయే ఎండోను కాలిఫోర్నియా శిబిరం నుంచి యూటాకు తరలించినా, 1944లో సుప్రీంకోర్టు ఆ మాటే చెప్పింది. ఆ మచ్చ తమరికి ఇంకా పోలేదు.

అందుకే పిటిషన్ టైపు చేయించి ఉంచాం. ఖాళీలు రెండే: జిల్లా పేరు, వార్డెన్ పేరు. బస్సు ఇంజను స్టార్ట్ చేసే ముందు కాస్త చెబుదురూ.

ఇట్లు,
తమరి వెనకే పరిగెత్తే లాయర్లు