మామయ్య కారుకు ఆల్టర్నేటర్ వచ్చింది

మా మామయ్య అంబాసిడర్‌కి మొన్నటిదాకా డైనమోనే. ఇంజిన్ ఐడిలింగ్‌లో ఉంటే అది బ్యాటరీకి ఛార్జింగ్ ఇవ్వదు. రైల్వే గేటు దగ్గర ఆగామంటే హెడ్‌లైట్లు గుడ్డిదీపాలే. దాని బదులు, ఐడిలింగ్‌లోనూ ఛార్జింగ్ ఇచ్చే ఆల్టర్నేటర్ పెట్టించమని చెప్పనివాళ్లు లేరు. ఆయన మాత్రం ముందు బానెట్ లోపలంతా తళతళలాడే తెల్లరంగు కొట్టించాడు. ఆ తర్వాతే ఒక ఎలక్ట్రీషియన్ వచ్చి ఆల్టర్నేటర్, విడిగా దాని వోల్టేజీని అదుపులో పెట్టే రెగ్యులేటర్ డబ్బా బిగించి వెళ్లాడు.

ఆ సాయంత్రమే నెల్లూరు నుంచి కావలి ప్రయాణం. వెనక సీట్లో అత్తయ్య, ఒళ్లో వాళ్ల చెల్లెలి కోసం వండిన బొమ్మిడాయిల పులుసు. లైట్లు వేస్తే రోడ్డంతా పట్టపగలే! పెన్నా వంతెన మీద ఎదురొచ్చిన ప్రతివాడూ డిప్పర్ కొట్టాడు.

"చూసినావా అబ్బయా, లైట్లంటే ఇవీ!"

కోవూరు దాటాక డాష్‌బోర్డు బల్బు టప్పుమంది. "పాతదిలే" అన్నాడు. కాసేపటికి వెనక లైటు పోయింది. అదీ పాతదేనట. అంతలో కుళ్లిన కోడిగుడ్డు వాసన మొదలైంది.

"ఏందే ఈ కంపు? పులుసు చెడిందేమో చూడు."

"మామిడికాయేసి పెట్టిన పులుసు! రేపటికి ఇంకా బాగుంటది. కంపు నా గిన్నెలో లేదు, మీ బానెట్ కింద చూసుకోండి."

ఈ పంచాయితీ దగదర్తి దాకా సాగింది. అక్కడ హెడ్‌లైట్లు కూడా ఒకదాని వెనక ఒకటి పోయాయి. బానెట్ ఎత్తితే బ్యాటరీ నీళ్లు బుడబుడా మరుగుతున్నాయి, ఆసిడ్ చుక్కలు కొత్త రంగు మీద పడుతున్నాయి. అత్తయ్య ఏమీ అనలేదు. గిన్నె మూత తీసి, ఒకసారి వాసన చూపించి, మళ్లీ పెట్టేసింది.

మర్నాడు ఎలక్ట్రీషియన్ మీటరు పెడితే 17 వోల్టులు దాటింది. ఆ రెగ్యులేటర్‌కి ఎర్త్, అంటే కారు బాడీతో కరెంటు కనెక్షన్, దాని డబ్బా నుంచే అందాలి. డబ్బా కింద మందంగా రంగుంటే ఎర్త్ ఎక్కడిది? ఎర్త్ లేక లోపలి కాయిల్ పనిచేయలేదు, ఆల్టర్నేటర్‌ని పట్టి ఆపేవాడే లేడు.

"రంగు గీకాలి సార్."

"ఎంత మేర?"

పొలం గట్టు తగాదాలో కూడా అంత బేరం జరిగుండదు. చివరికి బోల్టు చుట్టూ రూపాయి బిళ్లంత జాగాకి ఒప్పందం కుదిరింది. ఎమెరీ పేపర్ గరగరమన్నప్పుడల్లా మామయ్య మొహం తిప్పుకున్నాడు. గీకి, డబ్బా బిగించి, కొత్త బల్బులు వేస్తే మీటరు బుద్ధిగా 14.2 దగ్గర నిలబడింది.

మామయ్య లైట్లు వేసి, కారు ముందుకెళ్లి నిలబడ్డాడు.

"ఏందబ్బయా, నిన్నటి వెలుగు ఏదీ? తగ్గించేసినావే!"