చార్టు చదవగలిగితే చాలా?
గ్లాకోమా (కంటి నరం దెబ్బతిని చూపు తగ్గే జబ్బు) వల్ల రోజువారీ పనులు ఎంత కష్టమవుతున్నాయో కంప్యూటర్ ప్రశ్నలతో తేల్చవచ్చన్న మాట నిజమే. గ్లాకోమా ఉన్న మా నాన్నగారు కంటి పరీక్ష చార్టు చివరి వరుస దాకా చదివేస్తారు. మెట్లు దిగేటప్పుడు మాత్రం ఆఖరి మెట్టు కోసం కాలితో తడుముకుంటారు. ఎండలోంచి లోపలికొస్తే కాసేపు గుమ్మంలోనే ఆగిపోతారు. గ్లాకోమా ఉన్నవాళ్ల ఇబ్బందులు తెలుసుకునే జీక్యూఎల్-15 అనే ప్రశ్నావళిలో అందరికీ అవే 15 ప్రశ్నలు. కంప్యూటర్ అడిగే అడాప్టివ్ పద్ధతిలో జవాబును బట్టి తర్వాతి ప్రశ్న మారుతుంది కాబట్టి తక్కువ ప్రశ్నలతోనే పని తేలుతుంది. నా అనుమానమల్లా ఒకటే. నాన్నగారు రాత్రిపూట బండి తీయడం ఎప్పుడో మానేశారు, అడిగితే "నాకేం, బాగానే ఉన్నా" అంటారు. చూపు ఆనక మానేశారా, అవసరం లేక మానేశారా అని విడిగా అడగాలి. అన్నట్టు, ఆ ప్రశ్నలు పెద్ద అక్షరాల్లో ఉండాలి, లేదా చదివి వినిపించాలి.