ఫాగింగ్ యంత్రాలకు ప్రయోగశాల పరీక్ష తప్పనిసరి

ఆపరేషన్ థియేటర్ తలుపులు మూసి, ఫార్మాలిన్‌లో పొటాషియం పర్మాంగనేట్ కలిపి పొగపెట్టడం మన ఆస్పత్రుల్లో దశాబ్దాల అలవాటు. ఆ పొగలో ఉండే ఫార్మాల్డిహైడ్ వాయువు మనుషుల్లో క్యాన్సర్‌కు కారణమవుతుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను సన్నని తుంపరగానో ఆవిరిగానో వెదజల్లే ఫాగింగ్ యంత్రాలు దాని స్థానంలోకి రావడం మంచి మార్పే. కానీ డబ్బా మీద ‘99.9 శాతం క్రిములు నాశనం’ అని రాసి ఉన్నంత మాత్రాన యంత్రాన్ని నమ్మి శస్త్రచికిత్సలు చేయడం రోగి ప్రాణంతో చెలగాటమే.

పది లక్షల బ్యాక్టీరియా ఉన్నచోట 99.9 శాతం చచ్చినా ఇంకా వెయ్యి మిగులుతాయి. గాలి ద్వారా ఉపరితలాలను శుద్ధిచేసే యంత్రాల కోసం 2020లో వెలువడిన ఐరోపా ప్రమాణం ఈఎన్ 17272 బ్యాక్టీరియాకు 5 లాగ్ తగ్గుదల కోరుతుంది, అంటే లక్షకు ఒకటికి మించి బతకకూడదు. వైరస్‌లకు, శిలీంధ్రాలకు, మొండి స్పోర్లకు (గట్టి కవచంతో నిద్రాణంగా ఉండే బ్యాక్టీరియా రూపాలకు) 4 లాగ్ తగ్గుదల, అంటే పదివేలకు ఒకటికి మించి మిగలకుండా, చూపాలి.

ఆ అంకెల కన్నా పరీక్ష జరిపే తీరు మరింత ముఖ్యమని మేము భావిస్తున్నాం. క్రిములను మురికికి ప్రతినిధిగా ఉండే పదార్థంతో కలిపి స్టెయిన్‌లెస్ స్టీల్ బిళ్లలపై ఆరబెట్టి, ఆ బిళ్లలను యంత్రానికి ఎదురుగా కాక, దాని వైపు వీపు పెట్టినట్లు నిలువుగా ఉంచుతారు. ఎందుకంటే వార్డులో మంచం అడుగుభాగం, ట్రాలీ వెనుకవైపు ఉండే స్థితి అదే. తుంపర గది మూలలకు సమంగా చేరిందో లేదో విడిగా పరీక్షిస్తారు. గది ఘనపరిమాణం, ఉష్ణోగ్రత, తేమ, క్రిమిసంహారక మందు మోతాదు, పట్టిన సమయం అన్నీ నమోదు కావాలి. బిళ్లపై మిగిలిపోయిన మందు ఆ తరువాత, మిగిలిన క్రిములను పెంచి లెక్కించే కల్చర్ ప్లేటులోనూ క్రిములను అణచివేస్తే లేని సామర్థ్యం ఉన్నట్లు కనిపిస్తుంది గనుక, ఆ ప్రభావం తొలగిందని కూడా రుజువు చూపాలి. మందు తగలని బిళ్లలపై క్రిములు వాటంతటవే ఎన్ని చచ్చాయో లెక్క లేని నివేదికకు విలువ లేదు.

మన దగ్గర ఫినైల్ వంటి ద్రవాలకు వర్తించే భారతీయ ప్రమాణం ఐఎస్ 1061 నేటికీ, మందు బలాన్ని ఫినాల్‌తో పోల్చి చెప్పే రీడియల్-వాకర్ గుణకాన్నే కొలమానంగా వాడుతోంది. 1903 నాటి ఆ పద్ధతి ద్రవంలోని క్రిములపై మందు బలాన్ని చెబుతుందే తప్ప, గాలిలో తేలివచ్చి ఎండిన ఉపరితలంపై వాలే తుంపర గురించి ఏమీ చెప్పదు. ఫాగింగ్ తరువాత దూదిపుల్లతో నమూనా (స్వాబ్) తీసి, క్రిములేవీ పెరగలేదన్న అర్థంలో ‘గ్రోత్ లేదు’ అని రాసినా, ముందు అక్కడ ఎన్ని క్రిములున్నాయో తెలియనప్పుడు అది యంత్రం ప్రతిభకు సాక్ష్యం కాదు. ఇక మురికిని చేత్తో తుడిచి కడగడానికి ఏ యంత్రమూ ప్రత్యామ్నాయం కాదు. ఇళ్లలో, ఆస్పత్రి గదుల్లో స్ప్రేయింగ్, ఫాగింగ్‌ను నిత్యకృత్యంగా వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మేలో కోవిడ్ సందర్భంగా హెచ్చరించింది కూడా.

రెండు తెలుగు రాష్ట్రాల వైద్య మౌలిక వసతుల సంస్థలు టెండరు నిబంధనల్లోనే ఈ స్థాయి పరీక్ష నివేదికను తప్పనిసరి చేయాలి. ఆ నివేదిక అమ్మజూపుతున్న యంత్రానికీ, అదే మందుకూ, అదే మోతాదుకూ చెందినదై ఉండాలి. ఒకదానిపై జరిపిన పరీక్షను మరొకదానికి చూపితే బిడ్‌ను తిరస్కరించాలి. భారతీయ ప్రమాణాల సంస్థ మన ఉక్కపోతకూ, తేమకూ తగిన పరీక్షా నిబంధనలు రూపొందించి, ఆ పరీక్షలను నిర్వహించగల, ఎన్‌ఏబీఎల్ (ప్రయోగశాలలకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ప్రయోగశాలలను ప్రోత్సహించాలి.